రేడియేటర్ కొనకముందు గాలిని కొలవండి: రోటరీ ఇంజిన్ హోమ్‌బిల్ట్ విమానానికి కూలింగ్ మార్గదర్శి

శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ పక్కన ఆగిపోయిన లారీలను చూసే ఉంటారు. బానెట్ ఎత్తి ఉంటుంది. డ్రైవర్ చేతిలో తడిగుడ్డ పట్టుకుని, రేడియేటర్ మూత ఇప్పుడే తిప్పాలా, ఇంకాస్త ఆగాలా అని చూస్తుంటాడు. లారీకి పక్కన ఆగే వీలుంది. టేకాఫ్ అయి వెయ్యి అడుగులు ఎక్కేసరికి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) వేడి చూపే సూది ఎర్రగీత దగ్గరికి వస్తే విమానానికి ఆ వీలు లేదు.

నేనుండేది టెక్సాస్‌లో. మా హ్యాంగర్ వరసలో మాజ్డా కార్ల 13బి రోటరీ ఇంజిన్ పెట్టి ఇంట్లో కట్టుకున్న (హోమ్‌బిల్ట్) రెండు సీట్ల విమానం ఒకటి ఉంది. దాని ఓనరు మొదటి వేసవిలో దాదాపు అందరూ చేసే పనే చేశాడు. వేడెక్కుతోంది కాబట్టి ఇంకా పెద్ద రేడియేటర్ కొన్నాడు. బరువు పెరిగింది గానీ వేడి మూడు డిగ్రీలు కూడా తగ్గలేదు. ఆ తర్వాత నెలన్నర పాటు శని, ఆదివారాలు ఇద్దరం కూర్చుని కొలిచాం. తీరా చూస్తే రేడియేటర్ వెనక నుంచి గాలి బయటికి పోయే దారే సరిపోవడం లేదు. అందుకే ఈ మార్గదర్శిని ఆ వరసలో రాస్తున్నాను: ముందు కొలత, తర్వాత నీళ్లు, తర్వాత గాలి, కొనుగోళ్లు ఏమైనా ఉంటే ఆఖరున.

ముందు ఈ ఇంజిన్ సంగతి

13బిలో పిస్టన్ల బదులు గుండ్రంగా తిరిగే రోటర్లు రెండు ఉంటాయి. ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308 సీసీ. ఆర్ఎక్స్-7 కార్లలో వచ్చిందీ, కొద్ది మార్పులతో ఆర్ఎక్స్-8లో వచ్చిందీ ఇదే కుటుంబం. చిన్నది, తేలిక, వాల్వులు లేవు. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోవడం ఉండదు కాబట్టి వణుకు తక్కువ. హోమ్‌బిల్ట్ వాళ్లకు దీని మీద మోజు అందుకే.

దీని బలహీనత మాత్రం వేడే. ఇనుప ప్లేట్లు, అల్యూమినియం హౌసింగ్‌లు (రోటర్లు తిరిగే గూళ్లు) శాండ్‌విచ్‌లా ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పొడుగాటి బోల్టులతో బిగించి ఉంటాయి. వాటి మధ్య నీళ్లు కారకుండా ఆపేది రబ్బరు రింగులు. అల్యూమినియం ఇనుముకంటే ఎక్కువ సాగుతుంది. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే ఆ రింగులు నలుగుతాయి, హౌసింగ్ వంకరపోతుంది. తర్వాత స్టార్ట్ చేసినప్పుడు తెల్లటి పొగ, మెల్లమెల్లగా తగ్గే కూలెంట్. అప్పటికి ఇంజిన్ విప్పాల్సిందే.

ఇంకో సంగతి, పిస్టన్ ఇంజిన్ అలవాటున్నవాళ్లు మర్చిపోయేది: లోపల తిరిగే రోటర్లను చల్లబరిచేది నీళ్లు కాదు, ఆయిల్. కూలింగ్ వ్యవస్థ బయటికి పంపాల్సిన వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ మోస్తుంది. కాబట్టి ఇక్కడ ఆయిల్ కూలర్ అంటే రెండో రేడియేటర్ అన్నమాటే.

“లైకమింగ్‌కు లేని గొడవ దీనికెందుకు?” అని అడుగుతారు. లైకమింగ్ అంటే చిన్న విమానాల్లో మామూలుగా ఉండే, గాలితో చల్లబడే పిస్టన్ ఇంజిన్. దాని సిలిండర్ హెడ్‌కు గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్. జాగ్రత్తగా నడిపేవాళ్లు 200 దగ్గర ఉంచుతారు. బయట 38 డిగ్రీల ఎండ ఉన్నా లోహానికీ గాలికీ మధ్య 160 డిగ్రీల తేడా ఉంటుంది. ఎక్కేటప్పుడు మన కూలెంట్ 90 దగ్గర ఉండాలి. అదే ఎండలో మనకు దొరికే తేడా 52 డిగ్రీలే. తేడా తగ్గినకొద్దీ గాలీ, రేడియేటర్‌లోని సన్నటి రేకు రెక్కల వైశాల్యమూ ఎక్కువ కావాలి. గాలితో చల్లబడే ఇంజిన్ కోసం చేసిన కౌలింగ్‌లో (ఇంజిన్ తొడుగులో) రేడియేటర్ ఇరికిస్తే పని జరగకపోవడానికి అసలు కారణం ఇదే.

మొదటి అడుగు: మీటర్లు నమ్మదగినవో కాదో చూడండి

ఏదైనా కోసే ముందు ఈ సెన్సర్లు ఉండాలి: ఇంజిన్ నుంచి బయటికొచ్చే కూలెంట్ వేడి, రేడియేటర్ తర్వాత కూలెంట్ వేడి, ఆయిల్ కూలర్‌కు ముందు, తర్వాత ఆయిల్ వేడి, బయటి గాలి వేడి. వీటికి తోడు రేడియేటర్ వెనక గాలి వేడికి ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ సెన్సర్). సెన్సర్లన్నిటినీ ఒకసారి మరిగే నీళ్లలో ముంచి చూడండి. సముద్రమట్టానికి దగ్గరి ఊరైతే 100 చూపించాలి. ఒకటి 94, ఇంకోటి 103 చూపిస్తే ఆ తేడా రాసిపెట్టుకోండి. లేకపోతే లేని సమస్యను వెతుకుతూ తిరుగుతారు.

కూలెంట్ ప్రెషర్ గేజ్ తప్పనిసరి. ఎందుకంటే వేడి సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. హోస్ పగిలి నీళ్లు పోతే అది గాలిలో ఉండి, ఇంజిన్ మాడుతున్నా ప్రశాంతంగా తక్కువ అంకె చూపిస్తుంది. ప్రెషర్ సూది మాత్రం వెంటనే పడిపోతుంది. వేడికి ఉబ్బే కూలెంట్‌కు చోటిచ్చే విస్తరణ ట్యాంక్‌లో మట్టం చెప్పే స్విచ్, దానికో ఎర్ర లైటు పెడితే ఇంకా మంచిది.

పరిమితుల విషయానికొస్తే, రోటరీ ఎగరేసేవాళ్లలో చాలామంది క్రూయిజ్‌లో (ఎక్కడం అయ్యాక సమంగా ఎగిరేటప్పుడు) కూలెంట్ 82 దగ్గర ఉండాలనీ, ఆయిల్ 99 దాటకూడదనీ గీత పెట్టుకుంటారు. నేనూ అదే గీత మీద ఉంటాను. ఆయిల్ పదే పదే ఆ గీత దాటితే రోటర్ పక్కనుండే ఆయిల్ కంట్రోల్ రింగుల రబ్బరు గట్టిపడి, ఇంజిన్ నీలంపొగ వదలడం మొదలుపెడుతుంది.

రెండో అడుగు: కాగితం మీద లెక్క

ఎక్కేటప్పుడు 150 హార్స్‌పవర్ వాడుతున్నాం అనుకుందాం. అంటే 112 కిలోవాట్లు. కూలెంట్, ఆయిల్ కలిసి బయటికి పంపాల్సిన వేడి 100 కిలోవాట్లు అని పెట్టుకుంటే డిజైన్‌కు సరిపోతుంది. నీళ్ల వాటా 67, ఆయిల్ వాటా 33.

గాలి ఈ వేడిని తీసుకుని 40 డిగ్రీలు వేడెక్కుతుంది అనుకుంటే సెకనుకు 2.5 కిలోల గాలి కావాలి. 35 డిగ్రీల రోజున ఆ గాలి దాదాపు 2.2 ఘనమీటర్లు. విమానం 100 నాట్లతో, అంటే సెకనుకు 51 మీటర్లతో ఎక్కుతోంది. బయటి వేగంతోనే గాలి లోపలికొస్తే ముందు రంధ్రాలన్నీ కలిపి సుమారు 420 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. అదే విమానం క్రూయిజ్‌లో 160 నాట్ల మీద, 75 కిలోవాట్ల వేడితో పోతుంటే 200 చాలు.

చిక్కంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. ఎక్కడానికి సరిపడా పెట్టిన రంధ్రం క్రూయిజ్‌లో రెండింతలు పెద్దదై గాలిని అనవసరంగా ఈడ్చుకుపోతుంది. క్రూయిజ్‌కు సరిపెడితే ఎక్కేటప్పుడు ఉడుకుతుంది. దీనికి మందు ముందు రంధ్రంలో లేదు, వెనక తలుపులో ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

మూడో అడుగు: నీళ్ల వైపు తప్పులు ముందు తీసేయండి

గాలి జోలికి పోయే ముందు నీళ్లు నిజంగా రేడియేటర్‌లోంచే తిరుగుతున్నాయో లేదో చూడాలి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. బరువు, భయం రెండూ తగ్గుతాయని థర్మోస్టాట్ తీసేస్తారు. 13బి థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది: వేడెక్కినప్పుడు రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో కింద ఉన్న బైపాస్ రంధ్రాన్ని మూస్తుంది. థర్మోస్టాట్ తీసేసి ఆ రంధ్రాన్ని వదిలేస్తే, నీళ్లు సులువైన దారి వెతుక్కుని రేడియేటర్‌కు పోకుండా పంపు చుట్టూనే తిరుగుతాయి. థర్మోస్టాట్ తీస్తే బైపాస్‌కు మర కొట్టి ప్లగ్ బిగించండి. ఐదు నిమిషాల పని. దీన్ని మర్చిపోయి రెండు రేడియేటర్లు మార్చినవాళ్లున్నారు.

తర్వాత గాలి బుడగలు. నీళ్లు ఎక్కడ ఎత్తుగా ఉంటే బుడగ అక్కడ కూర్చుంటుంది. తోకచక్రం విమానమైతే నేలమీద ముక్కు పైకి ఉంటుంది, ఎగిరేటప్పుడు సమంగా ఉంటుంది. కాబట్టి నేలమీద ఎత్తైన చోటు గాల్లో ఎత్తైన చోటు కాకపోవచ్చు. మూత ఉన్న విస్తరణ ట్యాంక్ రెండు భంగిమల్లోనూ అన్నిటికంటే పైన ఉండాలి. ప్రతి రేడియేటర్ పై మూల నుంచీ, ఇంజిన్ పై భాగం నుంచీ సన్నటి గొట్టం ఆ ట్యాంక్‌కు వేయండి. ట్యాంక్ అడుగు నుంచి ఒక గొట్టం పంపు పీల్చే వైపు కలపండి. ప్రెషర్ మూతను పంపు నెట్టే వైపు పెడితే పంపు ఒత్తిడికే అది తెరుచుకుని నీళ్లు కక్కుతుంది.

ఒత్తిడి ఎందుకు అంత ముఖ్యమో చెబుతాను. 10,000 అడుగుల ఎత్తులో మూత లేని గిన్నెలో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. ఒక బార్ మూత ఉంటే సముద్రమట్టంలో 120 వరకు మరగవు. మూత స్ప్రింగ్ అలసిపోతే ఈ రక్షణంతా పోయినట్టే. హ్యాండ్ పంపుతో వ్యవస్థకు ఒక బార్ ఎక్కించి అరగంట వదిలేయండి. సూది కదిలిందంటే ఎక్కడో కారుతోంది. మూతను విడిగా పరీక్షించండి.

పంపు పీల్చే వైపు హోస్ మెత్తనిదైతే ఎక్కువ ఆర్‌పీఎంలో చదునుగా అతుక్కుపోతుంది. లోపల స్ప్రింగ్ చుట్ట ఉన్న హోస్ వాడండి. కారులో ఈ పంపు ఎప్పుడో ఒకసారి 6,000 ఆర్‌పీఎం చూస్తుంది. విమానంలో గంటల తరబడి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పుల్లీ కాస్త పెద్దది పెట్టి పంపు వేగం తగ్గిస్తే బుడగలు పుట్టడం తగ్గుతుంది.

సగం గ్లైకాల్ (గడ్డకట్టకుండా కలిపే ద్రవం), సగం నీళ్ల మిశ్రమం ఒకే పరిమాణానికి మామూలు నీళ్లకంటే దాదాపు 10 శాతం తక్కువ వేడి మోస్తుంది. మంచు పడని చోట గ్లైకాల్ పాలు తగ్గించుకోవచ్చు. కానీ తుప్పు నిరోధకం లేని ఉత్త నీళ్లు మాత్రం పోయొద్దు. ఇనుము, అల్యూమినియం పక్కపక్కన ఉన్న ఇంజిన్ ఇది.

ఇప్పుడు రేడియేటర్‌కు ముందు, తర్వాత కూలెంట్ వేడి తేడా చూడండి. 67 కిలోవాట్లను నిమిషానికి 120 లీటర్లు మోస్తే తేడా 9 డిగ్రీలు వస్తుంది. పూర్తి పవర్‌లో తేడా 15 దాటితే నీళ్లు తక్కువగా తిరుగుతున్నాయి. అంటే పంపు, సన్నటి ఫిట్టింగులు, మలుపులు చూసుకోవాలి. తేడా 4, 5 దగ్గరే ఉండి ఇంజిన్ మాత్రం ఉడుకుతుంటే నీళ్ల తప్పేమీ లేదు, గాలి చాలడం లేదు.

చాలా రోటరీ విమానాల్లో రేడియేటర్లుగా పాత జనరల్ మోటార్స్ కార్ల ఏసీ ఇవాపరేటర్ కోర్లు (గాలి దూరే రెక్కలు, గొట్టాలు ఉన్న దిమ్మెలు) రెండు వాడతారు. పూర్తి అల్యూమినియం, ఒత్తిడి తట్టుకుంటాయి, చవక. వాటికి పెద్ద గొట్టాలు వెల్డ్ చేయించి, రెండిటినీ సమాంతరంగా కలుపుతారు. ఆ కలపడంలో రెండు వైపులా హోస్ పొడవు, మలుపులు ఒకేలా ఉండాలి. లేకపోతే ఒకటి పని చేస్తుంటే రెండోది కూర్చుంటుంది. నాకు ఈ పద్ధతి ఇష్టమే. కాకపోతే వెల్డింగ్ తెలిసినవాడి చేతికివ్వండి.

నాలుగో అడుగు: గాలి ఒత్తిడి కొలవడం

ఈ ఒక్క అడుగు దాటేస్తే మిగతావన్నీ గుడ్డి దెబ్బలే.

కావలసింది: మూడు నాలుగు మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, ఒక చెక్క, స్కేలు, రంగు కలిపిన నీళ్లు. గొట్టాన్ని యు ఆకారంలో చెక్కకు బిగిస్తే మానోమీటర్ తయారు. కోర్ దగ్గర సన్నటి ఇత్తడి గొట్టం పెట్టాలి. దాని చివర మూసేసి, ప్రక్కన ఒక మిల్లీమీటర్ రంధ్రాలు నాలుగైదు వేసి, కోర్ ముఖానికి ఆనించి అడ్డంగా కట్టండి. రంధ్రాలు గాలికి ఎదురుగా ఉండకూడదు, పక్కకు చూడాలి. ముందొకటి, వెనకొకటి. రెండో కొస పోలికకు విమానం స్టాటిక్ లైన్‌కు (బయటి గాలి ఒత్తిడిని మీటర్లకు తెచ్చే గొట్టానికి) తాత్కాలికంగా టీ జాయింట్ వేసుకోండి. పని అయ్యాక తీసేసి లీక్ టెస్ట్ మర్చిపోవద్దు.

నీళ్ల గొట్టం బాధ వద్దనుకుంటే పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (విమానం వేగం మీటర్) ఒకటి తెచ్చుకోండి. అది కూడా ఒత్తిడి తేడానే కొలుస్తుంది. పిటో (ఎదురుగాలి) వైపు కోర్ ముందుకు, స్టాటిక్ వైపు కోర్ వెనక్కు కలపండి. 40 నాట్లు చూపిస్తే 26 మిల్లీమీటర్ల నీటి మట్టం, 60 అయితే 59, 80 అయితే 106. విమానంలో అసలు ఇండికేటర్‌ను మాత్రం దీనికోసం ముట్టుకోకండి.

ఎగిరే పరీక్షల్లో మొదటి దశ నడుస్తుంటే పక్కన మనిషిని కూర్చోబెట్టి అంకెలు రాయించుకోవడం మామూలుగా కుదరదు. చిన్న కెమెరా ఒకటి గేజ్‌ల వైపు తిప్పి పెట్టండి. మీ కళ్లు బయటే ఉండాలి.

ఇక అంకెల అర్థం. వేగం మీటర్ చూపే (ఇండికేటెడ్) 100 నాట్ల దగ్గర ఎదురుగాలి ఇవ్వగలిగే పూర్తి ఒత్తిడి 165 మిల్లీమీటర్లు. 160 నాట్ల దగ్గర అది 420 దాటుతుంది. 100 నాట్లతో ఎక్కుతూ చూశారనుకుందాం.

కోర్ ముందు 120, 130 కనిపిస్తే ముందు దారి బాగున్నట్టే. 60 దగ్గరే ఉంటే రంధ్రం గానీ, దాని వెనక గరాటు గానీ గాలిని చెడగొడుతోంది.

కోర్ ముందు 125 ఉండి, వెనక కూడా 80 ఉంటే గాలి లోపలికొచ్చింది గానీ బయటికి పోలేక నిలబడింది. మా హ్యాంగర్ విమానం జబ్బు ఇదే. కోర్ ఎంత పెద్దది పెట్టినా తేడా 45 మిల్లీమీటర్లే అయినప్పుడు దానికి గాలి ఎక్కడిది?

ముందు 125, వెనక సున్నా దగ్గర, అయినా ఉడుకుతోందంటే అప్పుడు కోర్ చిన్నదని ఒప్పుకోవచ్చు. రేడియేటర్ కొనడానికి సరైన సమయం ఇదొక్కటే.

వెనక గాలి వేడి కూడా ఇదే కథ చెబుతుంది. బయటికొచ్చే గాలి దాదాపు కూలెంట్ అంత వేడిగా ఉంటే, వచ్చిన కాస్త గాలీ మోయగలిగినంత మోసింది, ఇంకా గాలి కావాలి. గాలి గోరువెచ్చగానే ఉంటే అది రెక్కల మధ్య నుంచి రావడం లేదు, పక్క సందుల్లోంచి జారిపోతోంది.

ఐదో అడుగు: ముందు దారి

గాలిని వేగం నుంచి ఒత్తిడికి మార్చేది గరాటు. ఇంజినీర్లు దీన్ని డిఫ్యూజర్ అంటారు. చిన్న రంధ్రంలోంచి వేగంగా వచ్చిన గాలి మెల్లగా వెడల్పు అవుతూ నెమ్మదించాలి. గోడలు ఒక్కసారిగా విచ్చుకుంటే గాలి గోడను వదిలేసి సుడి తిరుగుతుంది, మధ్యలో మాత్రం పిచికారీలా కోర్‌ను కొడుతుంది. కోర్‌లో మూడో వంతే పని చేస్తుంది. గోడల మధ్య మొత్తం కోణం 10, 12 డిగ్రీల లోపు ఉంటే గాలి అంటుకునే ఉంటుంది. కౌలింగ్‌లో అంత పొడవు ఎవరికీ దొరకదు. అప్పుడు ఇంకో ఉపాయం: ముందు భాగం దాదాపు సమాంతరంగా ఉంచి, కోర్‌కు దగ్గరగా వచ్చాక సన్నాయి చివరలా విచ్చుకునేట్టు చేయండి. అక్కడ కోర్ అడ్డుపడటం వల్ల గాలి ఎలాగూ పక్కలకు సర్దుకుంటుంది, గోడను వదలదు.

ఫోమ్ చెక్కి, మీద ఫైబర్‌గ్లాస్ వేసి, ఆరాక ఫోమ్ తీసేస్తే ఈ ఆకారం ఒక వారాంతంలో వస్తుంది. రంధ్రం పెదవి గుండ్రంగా ఉండాలి. కత్తి అంచు పెడితే ముక్కెత్తి ఎక్కేటప్పుడు గాలి అంచు దగ్గరే చెదిరిపోతుంది. స్పిన్నర్‌కు (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే శంకు మూతకు) మరీ ఆనుకుని రంధ్రం పెట్టడం కూడా నాకు నచ్చదు. ప్రొపెల్లర్ మొదలు గుండ్రంగా ఉండే చోట అది గాలిని నెట్టదు, చిలుకుతుంది.

పొట్ట కింద స్కూప్ (గాలి పీల్చే నోరు) పెట్టేవాళ్లకు ఒక మాట. విమానం ఒంటిని రాసుకుంటూ వచ్చే గాలి పొర నెమ్మదిగా, బలం లేకుండా ఉంటుంది. ముక్కు నుంచి 2 మీటర్ల దూరంలో ఆ పొర మందం సుమారు 30 మిల్లీమీటర్లు. స్కూప్ పై పెదవి ఒంటికి అతుక్కుని ఉంటే ఈ చచ్చుగాలినే మింగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంనాటి పి-51 మస్టాంగ్ యుద్ధవిమానం ఫొటో చూడండి. పొట్ట కింద రేడియేటర్ నోరు రెక్క అడుగుకు అంటకుండా కిందికి దిగి ఉంటుంది. మొదట్లో అలా లేదు. చెదిరిన గాలి లోపలికి పోయి డక్ట్‌లో (రేడియేటర్‌కు గాలి తెచ్చే గొట్టంలో) దడదడ చప్పుడు వస్తే, నోటిని కిందికి దించారు.

మస్టాంగ్ పేరెత్తితే మెరెడిత్ ప్రభావం గురించి అడుగుతారు. వేడెక్కిన గాలి వెనక నుంచి వేగంగా పోతూ కొంత తోపు ఇస్తుందని ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో పనిచేసిన మెరెడిత్ 1930ల్లో చూపించిన మాట నిజమే. కానీ మన 160 నాట్ల దగ్గర అది డ్రాగ్‌లో (గాలి నిరోధంలో) కొంత వెనక్కి ఇస్తే చాలనుకోవాలి. రేడియేటర్ జెట్ ఇంజిన్ అవుతుందన్న ఆశ పెట్టుకోకండి.

ఆరో అడుగు: సందులు మూయండి

గాలి సోమరి. రెక్కల మధ్య దూరడం కంటే కోర్ పక్కన ఉన్న సందులోంచి పోవడం దానికి సులువు. డక్ట్ కోర్‌కు కలిసే చుట్టూ, కౌలింగ్‌కు డక్ట్ ఆనే చోటా సిలికాన్ రబ్బరు పట్టీ వేయండి. రాత్రి హ్యాంగర్‌లో లైట్లు ఆపేసి డక్ట్ లోపల టార్చ్ పెడితే ఎక్కడెక్కడ వెలుగు కారుతోందో కనిపిస్తుంది. వెలుగు కనిపించిన ప్రతి చోటా సీలెంట్ పెట్టండి. ఇంత చవకైన మరమ్మతు ఇంకోటి లేదు.

ఏడో అడుగు: వెనక తలుపు

చెరువుకు ఎంత పెద్ద వాగు వచ్చి పడినా తూము చిన్నదైతే పొలానికి పారే నీళ్లు అంతే. కౌలింగ్ కూడా అంతే. ముందు రంధ్రం పెంచాలన్న ఆలోచన అందరికీ వస్తుంది, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. వెనక దారి కింద ఉంటుంది, ఎవరూ వంగి చూడరు.

వంగి కొలవండి. రంధ్రం మొత్తం వైశాల్యం నుంచి ఎగ్జాస్ట్ గొట్టాలు, ముక్కుచక్రం కాలు, కేబుళ్లు ఆక్రమించిన చోటంతా తీసేయండి. కాగితం మీద 500 చదరపు సెంటీమీటర్లు అనుకున్నది చాలాసార్లు 300 తేలుతుంది. 40 డిగ్రీలు వేడెక్కిన గాలి 13 శాతం ఉబ్బుతుంది కూడా. ఎక్కేటప్పుడు వెనక దారి ముందు దారి కంటే కనీసం 20 నుంచి 50 శాతం పెద్దగా ఉండాలి.

తర్వాత ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ పైలట్‌కూ మధ్య ఉండే గోడ) కింది అంచు. ఫైర్‌వాల్ నిలువుగా దిగి, పొట్ట దగ్గర లంబకోణంలో ముగుస్తుంది. కిందికి దిగే గాలి ఆ మూల దగ్గర వెనక్కి తిరగలేక చెదురుతుంది. అక్కడ 50 నుంచి 75 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచిన రేకు ఒకటి బిగించండి. గాలి జారుడుబల్ల మీద పోయినట్టు బయటి గాలికి సమాంతరంగా కలుస్తుంది.

తలుపు పెట్టే చోటు కూడా చూసుకోండి. కానోపీ (పైలట్ మీది అద్దపు కప్పు) ముందు అద్దం కింది అంచు దగ్గర ఒత్తిడి ఎక్కువ. కార్లలో క్యాబిన్ గాలి పీల్చే జాలీ అక్కడే పెట్టేది అందుకే. అక్కడ లూవర్లు (గాలి పోయే చీలికలు) కోస్తే గాలి బయటికి పోదు, లోపలికొస్తుంది.

ఇక కౌల్ ఫ్లాప్. ఇందాక 420, 200 అంకెల మధ్య చిక్కు అన్నానే, దాని జవాబు ఇది. ఎక్కేటప్పుడు తెరిచి, క్రూయిజ్‌లో మూసే తలుపు. తెరిచినప్పుడు అది వైశాల్యం పెంచడంతో పాటు వెనక కాస్త చూషణ కూడా పుట్టిస్తుంది. పెట్టే ముందు ఖర్చు లేకుండా పరీక్షించుకోవచ్చు: తలుపు అంచున 50 మిల్లీమీటర్ల వెడల్పు రేకును 45 డిగ్రీలు కిందికి వంచి రివెట్ చేసి ఒకసారి ఎగరండి. కోర్ వెనక ఒత్తిడి గట్టిగా పడితే ఫ్లాప్ పనికొస్తుందన్నమాట. కోర్ మీద తేడా 50 నుంచి 100 మిల్లీమీటర్లకు పెరిగిందంటే గాలి దాదాపు 40 శాతం పెరిగినట్టు.

మావాడి విమానానికి పాత రేడియేటర్‌నే తిరిగి బిగించి, వంపు రేకు, ఫ్లాప్ పెట్టాం. రేకు పని ఇద్దరికీ మూడు శనివారాలు పట్టింది.

ఎనిమిదో అడుగు: ఆయిల్

ఆయిల్ కూలర్‌ను రేడియేటర్ వెనక పెట్టకండి. అప్పటికే వేడెక్కిన గాలి దానికేం చేస్తుంది? దాని రంధ్రం, దాని గరాటు, దాని తలుపు వేరుగా ఉండాలి. మొత్తం గాలిలో మూడో వంతు దాని వాటా అనుకుని చోటు కేటాయించండి. కొన్ని ఆర్ఎక్స్-7లలో నీళ్లతో ఆయిల్‌ను చల్లబరిచే తేనెతుట్టె ఆకారపు కూలర్ వచ్చింది. విమానంలో అది వద్దు. ఆయిల్ భారాన్ని కూడా రేడియేటర్ నెత్తినే పెడుతుంది. ముందు అమర్చే అల్యూమినియం గాలి కూలర్లు మంచివి.

అలాంటి కూలర్ పాత కారు నుంచి తెస్తే దాని లోపలి థర్మోస్టాట్ వాల్వ్ పని చేస్తోందో లేదో వేడి నీళ్లలో పెట్టి చూడండి. ఇరుక్కుంటే ఆయిల్ కూలర్‌ను తాకకుండానే తిరిగిపోతుంది. ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (రోటర్లు తిప్పే ఇరుసు) ముందు భాగంలో కూడా ఒక థర్మల్ పెల్లెట్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రోటర్ల మీదికి ఆయిల్ చిమ్మకుండా ఆపడం దాని పని. అది చెడితే వేడిలోనూ రోటర్లకు ఆయిల్ అందదు. ఇంజిన్ విప్పినప్పుడు దాని స్థానంలో గట్టి ప్లగ్ వేయడం రోటరీ వాళ్లకు ఆనవాయితీ. నేనైతే విప్పినవాడు వేయకుండా మూయకూడదంటాను.

ఎగ్జాస్ట్ గురించి రెండు ముక్కలు. రోటరీ ఎగ్జాస్ట్ పిస్టన్ ఇంజిన్ దానికంటే బాగా వేడి. హోసులు, డక్ట్, వైర్లు దానికి ఎదురుగా ఉంటే మధ్యలో స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టండి. రేకుకూ గొట్టానికీ మధ్య గాలి ఆడాలి.

తొమ్మిదో అడుగు: ఎగిరి చూడటం

ఒక్కసారికి ఒక్క మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు. కారు ఇంజిన్ పెట్టిన హోమ్‌బిల్ట్‌కు అమెరికాలో మొదటి దశ పరీక్ష మామూలుగా 40 గంటలు ఇస్తారు. ఆ గంటల్లో ఎక్కువ భాగం దీనికే పెట్టొచ్చు.

తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. రన్‌వేకు పైనే గాల్లో చక్కర్లు కొడుతూ ఎక్కండి. ముందు 120 నాట్లతో, తర్వాత 110, ఆ తర్వాత 100. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 100 బదులు 115తో ఎక్కితే 32 శాతం ఎక్కువ ఒత్తిడి దొరుకుతుంది. చాలా విమానాలకు వేసవిలో ఇదే సగం మందు. గీత దగ్గరికి వస్తే పవర్ తగ్గించి, ముక్కు దించి, కౌల్ ఫ్లాప్ పూర్తిగా తెరవండి. ప్రెషర్ సూది పడిపోతే అంకెలు చూస్తూ కూర్చోవద్దు, దిగండి.

వచ్చిన అంకెలను ఎండరోజుకు మార్చుకోవాలి. లెక్క సులువు: బయటి గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే కూలెంట్, ఆయిల్ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. 15 డిగ్రీల ఉదయం ఎక్కేటప్పుడు కూలెంట్ 82 ఉందనుకోండి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. జులై మధ్యాహ్నం టెక్సాస్‌లో 40 ఉంటుంది. రెంటచింతల మే నెల తెలిసినవాళ్లకు ఆ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ రోజు అదే సూది 107 చూపిస్తుంది. అంటే 15 డిగ్రీల రోజున ఎక్కేటప్పుడు 70, 72 లోపు కనిపిస్తేనే వేసవికి మీరు సిద్ధం.

చలికాలంలో దీనికి ఎదురు సమస్య వస్తుంది. ఆయిల్ 60 కూడా దాటదు, లోపల చేరిన తేమ ఆవిరి కాదు. అప్పుడు ఆయిల్ కూలర్ రంధ్రంలో సగానికి అల్యూమినియం టేపు వేస్తే సరిపోతుంది. వేసిన తేదీ లాగ్‌బుక్‌లో రాసి, స్టార్టర్ స్విచ్ పక్కన ఎర్ర చీటీ ఒకటి అంటించండి. మావాడు ఏప్రిల్ రెండో వారంలో ఆ టేపుతోనే ఎక్కి, ఆయిల్ 104 చూసి, ఫ్లాప్ తెగిపోయిందనుకుని కంగారుగా దిగాడు.